‘ఎలా తెలిసింది?’ అన్న ముక్క కూడా రాయండి: పాత కామిక్స్ అభిమానులకు బహిరంగ లేఖ

పాత అమెరికన్ కామిక్స్‌ని వెతికి పట్టుకుని, స్కాన్ చేసి, ఎవరు రాశారో ఎవరు గీశారో తేల్చి, అడిగినవాళ్లకి ఓపిగ్గా చెప్పే అభిమానులందరికీ,

నమస్కారం.

నేను విజయవాడలో ప్రూఫ్ రీడర్‌ని. 22 ఏళ్లుగా ఇదే పని. పగలంతా గైడ్లు, శుభలేఖలు, సొసైటీల వార్షిక నివేదికలు, అప్పుడప్పుడూ ఎవరో ఒక కవిగారి సంపుటి. రాత్రి భోజనం అయ్యాక ఫోన్‌లో మీరు పెట్టిన స్కాన్లు చదువుకుంటాను. మీలో తెలుగు వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు, ఇక్కడా ఉన్నారు, డల్లాస్‌లోనూ ఉన్నారు. అందుకే ఈ ఉత్తరం మన భాషలోనే రాస్తున్నా.

సూపర్‌మేన్, బ్యాట్‌మేన్‌ల బాగోగులు చూసుకోవడానికి పెద్ద కంపెనీలున్నాయి. నాకు ఇష్టం రెడ్ బీ లాంటివాళ్లు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. 1940లో ‘హిట్ కామిక్స్’ మొదటి సంచికలో వచ్చాడీయన. పగలు ప్రభుత్వ న్యాయవాది దగ్గర అసిస్టెంట్, రాత్రి చారల చేతుల ఎర్ర చొక్కా. ఆయుధం ఏమిటయ్యా అంటే, బెల్టు బకిల్‌లో పెంచుకునే తేనెటీగలు. దొంగ ఎదురైతే బకిల్ తెరుస్తాడు. వాటిలో ముద్దుల తేనెటీగకి పేరు కూడా పెట్టుకున్నాడు, మైకేల్ అని. కుట్టేవి ఆడ తేనెటీగలే, మగవాటికి ముల్లు ఉండదు. మరి మైకేల్ ఎలా కుట్టిందని నేను రెండు రోజులు ఆలోచించాను. ఇలాంటివి ఆలోచించడానికి మనిషికి కాస్త తీరిక, మీలాంటి స్నేహితులు ఉండాలి.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఒక కోపం. దాని దగ్గరికి వచ్చేముందు కృతజ్ఞత చెప్పాలి, లేకపోతే అన్నం తిన్న ఇంటిని తిట్టినట్టు ఉంటుంది.

మీరు లేకపోతే ఈ పుస్తకాలు లేవు. కాగితం సంగతి తెలిసినవాడిగా చెబుతున్న మాట ఇది. పది సెంట్లకి 64 పేజీలు రంగుల్లో ఇచ్చారంటే ఎలాంటి కాగితం వాడి ఉంటారో ప్రెస్‌లో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు. కలప గుజ్జుతో చేసిన చవక న్యూస్‌ప్రింట్. అందులోని ఆమ్లం ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని లోపల్నుంచి తినేస్తుంది. ముందు పసుపురంగు, తర్వాత గోధుమరంగు, ఆ తర్వాత అప్పడం. దానికి తోడు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దేశం కోసం పాత కాగితం ఇవ్వాలంటే పిల్లలే తమ కామిక్స్‌ని కట్టలు కట్టి ఇచ్చేశారు. యుద్ధం అయ్యాక, 1948 ప్రాంతంలో, కామిక్స్ వల్ల పిల్లలు చెడిపోతున్నారని కొన్ని ఊళ్లలో ఆ పిల్లల చేతే కుప్పపోసి తగలబెట్టించారు. ఇవన్నీ దాటుకుని మిగిలిన కాపీల్లో ఖరీదైనవి ఇప్పుడు ప్లాస్టిక్ పెట్టెల్లో సీలు వేసి ఉన్నాయి. 2024లో, సూపర్‌మేన్ తొలిసారి కనిపించిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక కాపీ ఒకటి 60 లక్షల డాలర్లకి వేలంలో పోయింది. కొన్నవాళ్లు అలాంటివాటిని తెరవరు. తెరిస్తే సీలు పోతుంది, సీలుతో పాటు ధరా పోతుంది. బ్యాంకు లాకర్లో నగ లాంటిదే, పేరంటానికి కూడా బయటికి రాదు. ఇక మాలాంటివాళ్లకి చదవడానికి మిగిలింది మీ స్కాన్లే.

చట్టం కూడా కలిసొచ్చింది. అప్పటి అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం 28 ఏళ్లు నిండేలోపే హక్కుని మళ్లీ రిజిస్టర్ చేయించుకోవాలి. 1940 పుస్తకానికి ఆ గడువు 1968లో వచ్చింది. అప్పటికి ఫాక్స్ లాంటి కామిక్స్ కంపెనీలు దివాలా తీసి, బోర్డు తిప్పేసి చాలా ఏళ్లయింది. ఎవరొచ్చి రిజిస్టర్ చేయిస్తారు? అలా బోలెడంతమంది హీరోలు దిక్కులేనివాళ్లై పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరైనా వాడుకోగల సొత్తులోకి, వచ్చి పడ్డారు. వాళ్లని చేరదీసింది మీరు.

మీకంటే ముందు చేరదీసినవాళ్లూ ఉన్నారు. 1961లో డెట్రాయిట్‌లో జెర్రీ బెయిల్స్ అనే కాలేజీ ప్రొఫెసర్ ‘ఆల్టర్ ఈగో’ అనే బుల్లి పత్రిక మొదలుపెట్టాడు. మిస్సోరీలో ఉన్న రాయ్ థామస్ అతనికి తోడు. అచ్చువేసింది కాదు, స్పిరిట్ డూప్లికేటర్ మీద తీసింది. మన సైక్లోస్టైల్ మెషీన్ గుర్తుందా, దానికి పిన్ని కొడుకు వరస. అప్పట్లోనే సూపర్‌మేన్, బ్యాట్‌మేన్‌ల కంపెనీ డీసీలో సంపాదకుడైన జూలియస్ ష్వార్ట్జ్ ఉత్తరాల పేజీలో పాఠకుల పేర్లతో పాటు పూర్తి చిరునామాలు వేయడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క పనితో ఎక్కడెక్కడో ఒంటరిగా కూర్చున్న పిచ్చివాళ్లు ఒకరికొకరు దొరికారు. నా దగ్గర ఫలానా సంచిక ఉంది, అందులో ఫలానా హీరో చివరిసారి కనిపిస్తాడు, నీ దగ్గరున్న దాంట్లో ఎవరి సంతకం ఉందో చూసి చెప్పు, అని పోస్టులో జాబులు. ఆ జాబుల్లోంచి జాబితాలు పుట్టాయి. 1970ల్లో బెయిల్స్, హేమ్స్ వేర్ కలిసి అమెరికన్ కామిక్స్ రచయితల, చిత్రకారుల వివరాలు నాలుగు సంపుటాలుగా తెచ్చారు. 1994లో మొదలైన గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ కూడా అదే దారిలో వచ్చింది, అదీ జీతంలేని మనుషుల పనే.

ఆ డేటాబేస్‌లో నాకు బాగా నచ్చేది ఒక గుర్తు. ఒక కథ ఎవరు రాశారో తెలియకపోతే ఆ గడిలో ప్రశ్నార్థకం పెడతారు. ఫలానా అతను గీసి ఉండవచ్చు అనుకుంటే పేరు రాసి, పక్కన ప్రశ్నార్థకం పెడతారు. మా వృత్తిలోనూ అంతే. ప్రూఫ్ మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టామంటే ‘ఇది నాకు అనుమానంగా ఉంది, దిద్దే హక్కు నాది కాదు, రాసినాయన్ని అడగండి’ అని అర్థం. అనుమానాన్ని అనుమానంగానే ఉంచడం చాలా కష్టమైన పని. పెన్ను చేతిలో ఉంటే దిద్దేయాలనిపిస్తుంది.

ఇక కోపం సంగతి. ఆ ప్రశ్నార్థకాన్ని మీరే తీసేస్తున్నారు.

ఈమధ్య ఒక బుల్లి హీరో గురించి వెతుకుతుంటే పదకొండు చోట్ల ఒకే వాక్యం కనిపించింది. ఒకే వాక్యం అని నేనెలా అంటున్నానంటే, చిత్రకారుడి ఇంటిపేరులో ఒక అక్షరం పదకొండు చోట్లా ఒకేలా తప్పుంది. అక్షరదోషం మా వృత్తిలో వేలిముద్ర లాంటిది. ఇద్దరు వేరువేరుగా కూర్చుని ఒకే తప్పు చేయడం అరుదు, పదకొండు మంది చేయడం జరగని పని. తీగ లాగుతూ పోతే రెండు రాత్రుల తర్వాత మొదటి చోటు దొరికింది. ఎవరో ఎప్పుడో ‘గీత చూస్తుంటే బహుశా ఫలానా ఆయనేమో అనిపిస్తోంది’ అని రాశారు. ఎంత మంచి వాక్యం! అందులో ‘గీత చూస్తుంటే’ ఉంది, ‘బహుశా’ ఉంది, ‘అనిపిస్తోంది’ ఉంది. రెండోవారు కాపీ కొట్టేటప్పుడు ‘గీత చూస్తుంటే’ ఎగిరిపోయింది. మూడోవారి దగ్గర ‘బహుశా’ ఎగిరిపోయింది. నాలుగోవారి నుంచి అది చరిత్ర. అక్షరదోషం మాత్రం చివరిదాకా భద్రంగా ప్రయాణించింది.

దీనికే ఇంత కోపమా అంటారేమో. బిల్ ఫింగర్ సంగతి గుర్తు చేస్తాను.

1939లో బ్యాట్‌మేన్ వచ్చినప్పుడు కథ మీద ఉన్న పేరు బాబ్ కేన్ ఒక్కడిదే. తర్వాత పాతికేళ్లూ అంతే. మొదటి కథ రాసింది ఫింగర్ అనీ, ఆ ముసుగు, వీపున వేలాడే ఆ కేప్, వీటి రూపం వెనక ఉన్నదీ ఫింగర్ సలహాలే అనీ బయటివాళ్లకి తెలియదు. 1965లో న్యూయార్క్‌లో జరిగిన అభిమానుల సమావేశానికి ఫింగర్ వచ్చాడు. బెయిల్స్ ఆయన్ని కూర్చోబెట్టి అడిగాడు, విన్నది విన్నట్టు రాశాడు. రాసింది అభిమానుల మధ్య తిరిగే చిన్న పత్రికలో. అయినా కేన్‌కి మండింది. అదే ఏడు ఆయన కూడా ఒక బహిరంగ లేఖ రాశాడు, బ్యాట్‌మేన్ అభిమానులందరినీ ఉద్దేశించి. సృష్టి అంతా తనదేననీ, ఫింగర్ గొప్పలకి పోతున్నాడనీ దాని సారాంశం. బహిరంగ లేఖ అనే ప్రక్రియ మీద నాకున్న కాస్త అనుమానం అక్కడ మొదలైందే, అయినా ఇప్పుడు నేనూ అదే రాస్తున్నాను. ఫింగర్ 1974లో డబ్బులేక, పేరులేక పోయాడు. 1989లో తన ఆత్మకథలో కేన్ ఒప్పుకున్నాడు, అతనికి రావలసిన గుర్తింపు రాలేదని. ఒప్పుకుని ఏం లాభం, వినాల్సిన మనిషి పోయి పదిహేనేళ్లయింది. ఫింగర్‌కి వారసులెవరూ లేరని అందరూ అనుకుంటున్న రోజుల్లో మార్క్ టైలర్ నోబుల్‌మన్ అనే రచయిత ఫోన్ల మీద ఫోన్లు చేసి మనవరాలు ఉందని కనిపెట్టాడు. 2015లో మొదటిసారి టీవీ తెర మీద, ఆ మరుసటి ఏడు సినిమా తెర మీద ఫింగర్ పేరు అధికారికంగా పడింది. 1939 నుంచి 2015, లెక్క మీరే వేసుకోండి.

ఇందులో నేను చూసేది ఏమిటంటే, 1965లో బెయిల్స్ ‘బ్యాట్‌మేన్‌ని సృష్టించింది ఫింగర్ కూడా అట’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుని ఉంటే కేన్ లేఖ ముందు అది నిలిచేది కాదు. ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు, ఏమని చెప్పారు అని రాశాడు కాబట్టే దశాబ్దాల తర్వాత వచ్చినవాళ్లు దాని మీద నిలబడగలిగారు.

రెండోవైపు కూడా చెప్పాలి. ఈ పద్ధతి మన అభిమాన మనుషుల్ని కూడా వదలదు. విల్ ఐస్నర్ అనే చిత్రకారుడు 1939లో పబ్లిషర్ విక్టర్ ఫాక్స్ కోసం ‘వండర్ మేన్’ అని ఒక హీరోని తయారుచేశాడు. సూపర్‌మేన్‌కి నకలని కేసు వేశారు, ఆ హీరో కథ ఒక్క సంచికతో ముగిసింది. ఫాక్స్ అబద్ధం చెప్పమన్నా తాను కోర్టులో నిజమే చెప్పాననీ, సూపర్‌మేన్‌లా చేయమని ఫాక్సే అడిగాడని సాక్ష్యమిచ్చాననీ, దానివల్ల రావలసిన డబ్బు పోగొట్టుకున్నాననీ ఐస్నర్ చాలా ఏళ్లు చెబుతూ వచ్చాడు. తన బొమ్మల పుస్తకంలో కూడా అలాగే గీశాడు. ఎంత బావుంది కథ! అందరం నమ్మాం, నేనూ ఇద్దరు ముగ్గురికి చెప్పాను. 2010లో కెన్ క్వాట్రో అనే పరిశోధకుడు, మీలో ఒకరే, ఆ విచారణ రికార్డు సంపాదించి బయటపెట్టాడు. ప్రమాణం చేసి ఐస్నర్ చెప్పింది వేరు. వండర్ మేన్ తన సొంత ఆలోచనేనని చెప్పాడు. నాకు ఐస్నర్ మీద గౌరవం తగ్గలేదు. 22 ఏళ్ల కుర్రాడు, ఎదురుగా లాయర్లు, వెనక డబ్బివ్వాల్సిన యజమాని, ఎంత టెన్షన్ పడ్డాడో. కానీ ఇప్పటికీ కొందరు పాత కథనే కొత్తగా చెబుతున్నారు. రికార్డు దొరికి ఇన్నేళ్లయినా చదవడం లేదంటే బద్ధకం తప్ప వేరే కారణం నాకు కనిపించదు.

అందరికంటే ఎక్కువగా నన్ను వెంటాడేది ఫ్లెచర్ హాంక్స్ అనే చిత్రకారుడు. ఆయన గీసిన హీరో ‘స్టార్‌డస్ట్’ని మొదటిసారి చూసిన రాత్రి నిద్రపట్టలేదు. 1939 డిసెంబరు తేదీతో వచ్చిన ‘ఫెంటాస్టిక్ కామిక్స్’ మొదటి సంచికలోనిది. భుజాలు గోడంత, తల నిమ్మకాయంత. ఇతను నేరస్తుల్ని పోలీసులకి పట్టివ్వడు, శిక్షలు తనే వేస్తాడు. ఆ శిక్షలు మన పురాణాల్లో మునుల శాపాల్లా ఉంటాయి. ఒకడి ఒంటిని మాయం చేసి ఉత్త తలకాయని మిగిల్చి అంతరిక్షంలోకి విసురుతాడు. అక్కడ తలలేని మహాకాయుడొకడు కాచుకుని ఉండి ఆ తలని తనలోకి లాగేసుకుంటాడు. పిల్లల పుస్తకం ఇది, పది సెంట్లు! అదే హాంక్స్ బార్‌క్లే ఫ్లాగ్ అనే మారుపేరుతో ‘ఫాంటోమా’ని గీశాడు, 1940 ఫిబ్రవరిలో, వండర్ వుమన్ కంటే ముందే. అడవిని కాపాడే అందమైన బంగారు జుట్టు మనిషి, కోపం వస్తే మొహం నీలి పుర్రె అయిపోతుంది. జుట్టు మాత్రం అలాగే బంగారంగా ఉంటుంది. అమ్మవారి జాతరలు చూసి పెరిగిన మనకి అదేం వింతగా అనిపించదు. అమెరికా పిల్లలు ఏమనుకున్నారో మరి.

హాంక్స్ మూడేళ్లు కూడా పనిచేయలేదు. 1941 తర్వాత మాయం. పాల్ కరాసిక్ అనే కార్టూనిస్టు ఆయన్ని వెతుకుతూ పోతే అదే పేరుతో ఒక పెద్దాయన దొరికాడు, యుద్ధంలో విమానాలు నడిపినవాడు. ఆ బొమ్మలు గీసింది మీరేనా అంటే, కాదు, మా నాన్న అన్నాడు. తాగొచ్చి భార్యాపిల్లల్ని కొట్టినవాడు, 1930లో ఇల్లొదిలి పోయినవాడు, 1976లో న్యూయార్క్ పార్కులో బెంచీ మీద చలికి గడ్డకట్టి చనిపోయినవాడు, ఆ నాన్న.  ఈ సంగతి చదివాక స్టార్‌డస్ట్ శిక్షలు మళ్లీ చూశాను. మొదటిసారి వచ్చిన నవ్వు రాలేదు. 2007లో కరాసిక్ ఆ కథల్ని పుస్తకంగా తెచ్చినప్పుడు ఈ వెతుకులాటని కూడా బొమ్మల కథగా గీసి చివర కలిపాడు, ఎవరిని పొరపాటుగా ఎవరనుకున్నాడో దాంతో సహా. నేను మీ నుంచి అడుగుతున్నది సరిగ్గా ఇదే. మీ పొరపాటు కూడా రాయండి, తర్వాత వచ్చేవాడు అదే సందులోకి వెళ్లకుండా.

తెలియనిదాన్ని తెలియనట్టే చెప్పినా కథ రుచి తగ్గదు, గ్రీన్ టర్టిల్‌ని చూడండి. 1944లో ‘బ్లేజింగ్ కామిక్స్’లో చూ హింగ్ గీసిన హీరో. యుద్ధంలో చైనా తరఫున జపాన్ సైన్యంతో పోరాడతాడు. అతని మొహం మనకి కనబడదు. ఎప్పుడూ వీపు మనవైపు. తిరిగినా కేప్ అడ్డం, లేదా చెయ్యి అడ్డం, లేదా చీకటి. అతని నీడ మాత్రం తాబేలు ఆకారంలో, కళ్లేసుకుని, వెనక గోడ మీద పళ్లికిలిస్తూ ఉంటుంది. పక్కనుండే కుర్రాడు బర్మా బాయ్, అసలు నువ్వెవరు అని అడగబోతాడు, చెప్పేలోపు ఏదో ఒకటి వచ్చి పడుతుంది. హీరోని చైనావాడిగా చేయాలని చూ హింగ్ కోరిక అనీ, పబ్లిషర్ ఒప్పుకోలేదనీ, అందుకే మొహమే చూపించకుండా గీశాడనీ అంటారు. ‘అంటారు’ దగ్గర ఆగాలి. చర్మానికి గులాబీ రంగు దట్టంగా పూసిన మాట మాత్రం పేజీ మీదే కనిపిస్తుంది. 2014లో జీన్ లుయెన్ యాంగ్, సోనీ లియూ ఈ హీరోకి కొత్త పుస్తకం రాసి గీసినప్పుడు యాంగ్ కూడా దీన్ని వదంతి అనే చెప్పాడు. ఆ వదంతి నాకూ నిజమైతే బావుణ్ణనిపిస్తుంది. బావుణ్ణనిపించడం వేరు కదా.

వీళ్లని వెక్కిరించే అలవాటు గురించి ఒక్కమాట. ‘అతి చెత్త పది మంది హీరోలు’ అని జాబితాలు వేసి రెడ్ బీనీ, మేడమ్ ఫేటల్‌నీ అందులో పెట్టడం ఫ్యాషనైంది. మేడమ్ ఫేటల్, 1940, ‘క్రాక్ కామిక్స్’. ఎత్తుకుపోయిన కూతురి కోసం ఒక నటుడు ముసలమ్మ వేషం వేసి చేతికర్రతో దుండగుల్ని బాదుతాడు. మగవాడు ఆడవేషమా అని ఇప్పుడు నవ్వుతున్నారు. సత్యభామ వేషంలో స్థానం నరసింహారావు గారిని చూసి మురిసిపోయిన జాతి మనది, కనీసం మనం నవ్వకూడదు. ఈ హీరోని గీసిన ఆర్థర్ పినాజియన్ తర్వాత కామిక్స్ మానేసి చిత్రకళలో పడ్డాడు, 1999లో పోయేదాకా ఎవరికీ పెద్దగా తెలియదు. పోయాక న్యూయార్క్ దగ్గర బెల్‌పోర్ట్‌లో ఆయన ఉన్న ఇంట్లో గుట్టలుగా పెయింటింగులు దొరికాయి. జాబితా రాసినాయన ఆ పేరు ఒక్కసారి వెతికి ఉంటే ఆ రెండు వాక్యాల వెటకారం కంటే మంచి కథ దొరికేది. టార్పే మిల్స్ అనే పేరు వెనక జూన్ మిల్స్ అనే మహిళ ఉందని, పాఠకులకి ఆడమనిషని తెలియకుండా ఆ పేరు ఎంచుకుందని, 1941లోనే ‘మిస్ ఫ్యూరీ’ గీసిందని మొదటిసారి నాకు చెప్పిందీ మీలో ఒకరే.

ఇదంతా నాకెందుకు ఇంత పట్టింది? చందమామ వల్ల. మా ఇంట్లో బైండు చేయించిన పాత చందమామలు ఉండేవి. సీరియల్ పేజీలో బొమ్మ మూల చిత్రా సంతకం ఉండేది, రాసినవాళ్ల పేరు మాత్రం ఉండేది కాదు. ‘తోకచుక్క’ నుంచి మొదలై ఏళ్ల తరబడి మనల్ని అడవుల్లో, కోటల్లో, మాంత్రికుల గుహల్లో తిప్పింది దాసరి సుబ్రహ్మణ్యం గారని నా వయసువాళ్లకి చాలామందికి ఎప్పుడో పెద్దయ్యాక తెలిసింది. పాత పాఠకులు పట్టుబట్టి అడిగి, రాసి, చెప్పబట్టి తెలిసింది. ఫింగర్ గురించి చదివినప్పుడు నాకు డెట్రాయిట్, న్యూయార్క్ గుర్తు రాలేదు. మా ఇంటి అటక గుర్తొచ్చింది.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. కొన్నేళ్ల కిందట, ఊరి పేరు వద్దులెండి, ఒక గ్రంథాలయంలో పాత పిల్లల పత్రికల బైండు సంపుటాలు తూకానికి అమ్మేస్తున్నారని తెలిసి ఆటో ఎక్కి పరిగెత్తాను. నేను వెళ్లేసరికి లోపల అట్టలు మాత్రం ఉన్నాయి. అట్ట బరువు ఎక్కువ, కాగితం ధర రాదని కొన్నవాడు అట్టలు చింపి అక్కడే పడేసి కాగితం పట్టుకుపోయాడు. అట్టల మీద సంవత్సరాలు బంగారు అక్షరాల్లో ఉన్నాయి, లోపల ఏమీ లేదు. రెండు అట్టలు తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చుకున్నానని మా ఆవిడ అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

అందుకే స్కాన్ చేసేవాళ్లకి వేరుగా ఒక విన్నపం. అట్ట నుంచి అట్ట దాకా అన్నీ పెట్టండి. ప్రకటనలు తీసేయకండి. మధ్యలో బొమ్మల్లేకుండా ఉండే రెండు పేజీల వచన కథ బోరని వదిలేయకండి. పత్రికలకిచ్చే పోస్టల్ రేటు దక్కాలంటే ఆ వచనం ఉండాలని అలా వేసేవాళ్లు, ఆ సంగతి కూడా చరిత్రే. ఏడాదికొకసారి మూలన చీమ తలకాయంత అక్షరాల్లో యాజమాన్య ప్రకటన వేసేవాళ్లు. పబ్లిషర్ ఎవరు, సంపాదకుడెవరు, ఆఫీసు ఏ వీధి అన్నీ అందులో ఉంటాయి. మారుపేర్ల చిక్కు విప్పడానికి ఒక్కోసారి అదే ఆధారం. చాలా స్కాన్లలో సరిగ్గా ఆ పేజీయే ఉండదు, సూపర్‌హీరో లేడని.

అలాగే ఈమధ్య కంప్యూటర్‌తో ‘శుభ్రం’ చేసిన పేజీలు వస్తున్నాయి. పసుపుదనం పోయింది, అచ్చు రంగుల చుక్కలు పోయాయి, రంగు పక్కకి జరిగిన అంచులు సర్దుకున్నాయి. మొహాలకి ఎక్కడా లేని నునుపు వచ్చింది. చూడటానికి పెళ్లి ఆల్బమ్‌లా ఉంది. అచ్చులో ఎరుపు ప్లేటు పక్కకి జరిగితే హీరో పెదవులు బుగ్గ మీదికి వస్తాయి, ఆ రాత్రి ప్రెస్‌లో ఎంత తొందరపడ్డారో అది చెబుతుంది. మూల నమూనా కూడా పక్కన పెట్టి, ఇది శుభ్రం చేసినది అని రాస్తే నాకు గొడవ లేదు. అసలు దాన్ని తీసేసి దీన్ని పెడితే మాత్రం అట్టలు చింపినవాడికీ మీకూ తేడా ఏముంది? మాట కాస్త ఎక్కువైందేమో, వెనక్కి తీసుకోను.

ఒక స్కాన్‌లో ప్రకటన కింద కూపన్ ఉంది. పేరు, వీధి, ఊరు గీతల మీద పెన్సిల్‌తో ఎవరో పిల్లాడు నింపాడు. ఊరి పేరు చివర చోటు చాలక అక్షరాలు కిందికి వంగిపోయాయి. కత్తిరించి పంపలేదు, కత్తిరిస్తే వెనకవైపు కథలో సగం బొమ్మ పోతుంది కదా. పంపాలా వద్దా అని ఆ పిల్లాడు ఎంత మథనపడ్డాడో. స్కాన్ చేసినాయన ఆ పెన్సిల్ రాతని చెరపలేదు. ఆయనెవరో తెలియదు, ఆయనకి ఈ ఉత్తరం చేరితే నా దండం.

మీకు నేను చేయగలిగిన సాయం ఒకటుంది. రాత్రి పది నుంచి పదకొండున్నర దాకా నాకు వేరే పని లేదు. ఇండెక్స్ పేజీలు ఇస్తే అక్షరదోషాలు చూసిపెడతాను, పైసా తీసుకోను. అనుమానమున్న చోట దిద్దను, మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెడతాను.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక ప్రూఫ్ రీడర్

తా.క.: పైన నేను రాసిన ఏడాదుల్లో, పేర్లలో ఏదైనా తప్పుంటే చెప్పండి. ఏ సంచికలో ఏ పేజీ చూసి చెబుతున్నారో అది కూడా రాయండి.